కంప్యూటరు గదికొక కట్టుబాటు

కంప్యూటరు నేర్చుటయనగా టైపు కొట్టుట, బొమ్మలు గీయుట, ఇంటర్నెట్టులో వెదకుట అని మనలో పలువురు తలంచుచున్నారు. ఇవి అవసరమే. కాని ఆ యంత్రము తనలోని సరకును ఏ అరలో దాచుచున్నది, తనలోని లోపములను ఎట్లు బాగుచేసికొనుచున్నది అను రెండు సంగతులు ఎరుగనివాడు కంప్యూటరును వాడువాడే గాని ఏలువాడు కాడు. ఈ రెండును పైకి వేరువేరు సంగతులుగా కనిపించును. నిజమునకు అవి ఒక్క సంగతికే రెండు ముఖములు. యంత్రమునకు చెందినదియు మనకు చెందినదియు విడివిడిగా నున్నచోటనే యంత్రమును నిర్భయముగా బాగుచేయవచ్చును. అంతయు కలగాపులగముగా నున్నచోట ప్రతి మరమ్మతును భయమే. భయపడువాడు మరమ్మతును వాయిదా వేయును. వాయిదా వేసినవాని యంత్రము ఏదో యొకనాడు వాని శ్రమనంతయు మ్రింగివేయును. కావున ప్రతి పాఠశాల కంప్యూటరు గదికిని ఈ రెండు విషయములలో ఒక కట్టుబాటు ఉండవలెననియు, దానిని నడుపుభారము విద్యార్థులకే ఒప్పగింపవలెననియు నా అభిప్రాయము. అది ఎందుకో విన్నవించెదను.

తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని ఉపాధ్యాయ శిక్షణలో మాకు తొలుత నేర్పిన సూత్రము. మన ప్రాంతపు పిల్లలకు తెలిసినది వ్యవసాయము. ఖమ్మము, సత్తుపల్లి, కొత్తగూడెము దారులు కలియు ఈ తల్లాడ చుట్టుపట్ల ఏ గ్రామమునకు పోయి చూచినను, బుద్ధిగల రైతు విత్తనపు గింజలను తిండిగింజలతో కలుపడు. తిండిగింజలకొక గుమ్మి, విత్తనములకు వేరొక గుమ్మి. ఎలుకలు ఒకదానిలో పడినను రెండవది మిగులును. ఒక గుమ్మిని ఖాళీచేసి, దులిపి, పేడతో మెత్తి ఎండబెట్టవలసి వచ్చినను రెండవదాని జోలికి పోనక్కరలేదు. కంప్యూటరులో చేయవలసినదియు ఇంతే.

ఆ యంత్రములో గుమ్మి వంటిది డిస్కు. పాత యంత్రములలో తిరుగుడు పళ్లెములుగల హార్డు డిస్కు ఉండును. క్రొత్తవానిలో ఏ కదలికయు లేని ఎస్.ఎస్.డి. ఉండును. కరెంటు పోయినను ఇందులోని వ్రాత చెరిగిపోదు. ఈ గుమ్మిని చూచుకొనుచు, ఎవరికేది కావలెనో తీసియిచ్చుచు, యంత్రమునంతటిని నడుపు పెద్దకు ఆపరేటింగు సిస్టమని పేరు. విండోసు, లినక్సు, మన ఫోనులలోని ఆండ్రాయిడు, ఇవన్నియు అట్టి పెద్దలే. ఒక్క డిస్కునే పెక్కు అరలుగా విభజింపవచ్చును. ఆ అరలను పార్టిషనులందురు. ఏ అర ఎచట మొదలై ఎచట ముగియునో చెప్పు చిన్న పట్టిక డిస్కు మొదట వ్రాయబడియుండును. ఎం.బి.ఆర్. అను పాత పద్ధతి పట్టికలో ప్రధానమైన అరలు నాలుగింటికి మించరాదు. రెండు టెరాబైట్లకు మించిన డిస్కును అది సాధారణముగా పూర్తిగా చూపజాలదు. జి.పి.టి. అను క్రొత్త పద్ధతిలో సామాన్యముగా 128 అరలవరకు వేయవచ్చును. పైగా ఆ పట్టికకు రెండవ ప్రతి డిస్కు చివర కూడ ఉండును. ముఖ్యమైన దస్తావేజునకు నకలు తీసి వేరొకచోట దాచుట వంటిదే ఇది.

అర వేసినంతమాత్రమున పని ముగియదు. అరలోపల ఏ ఫైలు ఎచటనున్నదో చెప్పు లెక్క వలయును. దానిని ఫైలు సిస్టమందురు. గ్రామపు భూమి లెక్కతో పోల్చి చూడుడు. లెక్కలో రైతు పేరుండును. పేరునకెదురుగా సర్వే నెంబరులుండును. నేల మాత్రము ఊరిబయట నుండును. ఒక రైతుకు భూమి అంతయు ఒక్కచోటనే యుండవలెనని లేదు. మూడునాలుగు తునుకలుగా నుండవచ్చును. ఫైలును అట్లే డిస్కుమీద తునుకలుగా నుండి, లెక్కలో మాత్రము ఒక్క పేరుతో నుండును. మీరు ఫైలును తొలగించినపుడు మొదట కొట్టివేయబడునది లెక్కలోని పేరే. హార్డు డిస్కులో ఆ చోట మరియొకటి వ్రాయబడువరకు పాత వ్రాత అట్లే పడియుండును. పొరపాటున చెరిపిన దానిని ఒక్కొక్కసారి తిరిగి రాబట్టగలుగుటకు కారణమిదే. పాత కంప్యూటరును అమ్మివేయునపుడు అందులోని మార్కుల పట్టికలు చెరిపితిమని నిశ్చింతగా నుండరాదనుటకును కారణమిదే.

ఈ లెక్క చెడకుండుటకొక చక్కని ఏర్పాటు కలదు. కిరాణా వర్తకుడు బేరము జరిగిన వెంటనే చిట్టాలో వ్రాసికొనును. తరువాత తీరికగా ఆవర్జాలో పద్దులు కట్టును. నడుమ దీపమారిపోయినను చిట్టా చూచి ఆవర్జాను సరిచేయవచ్చును. విండోసు వాడు ఎన్.టి.ఎఫ్.ఎస్., లినక్సు వాడు ఈ.ఎక్స్.టి.4 అను పద్ధతులు ఇట్టి చిట్టా గలవి. ఫైలును వ్రాయుచుండగా కరెంటు పోయినచో, యంత్రము తిరిగి లేచినపుడు చిట్టాను చదివి, సగములో నిలిచిన పనిని పూర్తిచేయుటయో రద్దుచేయుటయో జరుగును. వేసవి గాలిదుమారములలో కరెంటు ఎప్పుడు పోవునో తెలియని మన వంటి చోట్ల ఇది గొప్ప మేలు. అయితే ఆ చిట్టా కాపాడునది ముఖ్యముగా లెక్కను. మీరు సేవు చేయక వ్రాయుచున్న వ్యాసమును కాదు. పెన్‌డ్రైవులలో తరచుగా కనబడు ఫ్యాట్-32 అను పద్ధతికి అసలు చిట్టాయే లేదు. కావున దానిని చెప్పకుండ పెరికివేయరాదు. ఆ పద్ధతిలో ఒక్కొక్క ఫైలు నాలుగు గిగాబైట్లను మించరాదు. ఖాళీ చోటు ఎంత యున్నను వార్షికోత్సవపు పెద్ద వీడియో పెన్‌డ్రైవులోనికి ఎక్కకుండుటకు కారణమిదియే గాని పెన్‌డ్రైవు చెడిపోవుట కాదు.

ఇక అరల పేర్ల సంగతి. విండోసులో ముఖ్యమైన అరకు సి అను అక్షరము పేరుగా నుండుట అందరును చూచియున్నారు. ఏ, బి ఏమైనవని అడిగినవారు మాత్రము కొద్దిమందియే. డాసు కాలమున ఆ రెండక్షరములును ఫ్లాపీలకు కేటాయింపబడినవి. తరువాత వచ్చిన హార్డు డిస్కునకు మూడవ అక్షరము దక్కినది. ఫ్లాపీలు పోయినవి, సి మాత్రము నిలిచినది. యూనిక్సు సంప్రదాయము ఇందుకు భిన్నమైనది. 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీసులో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలగువారు ప్రారంభించిన ఆ వ్యవస్థలో అక్షరములు లేవు. అంతయు ఒకే వృక్షము. దానికి వేరు ఒకటి, దానినుండి కొమ్మలు. ఏ క్రొత్త డిస్కు వచ్చినను దానిని ఒక కొమ్మగా తగిలింతురు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థియైన లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సు ఆ మార్గముననే నడచుచున్నది. అందులో వాడుకరుల వ్రాతలన్నియు హోమ్ అను కొమ్మలో నుండును. ఆ కొమ్మను వేరొక అరలో నుంచినచో, ఆపరేటింగు సిస్టమును సమూలముగా తీసివేసి క్రొత్తది వేసినను పిల్లల వ్రాతలు చెక్కుచెదరవు.

విండోసులోను ఇట్లే చేయవచ్చును. సిస్టమునకు సి, మన వ్రాతలకు డి అని రెండరలు వేసిన చాలును. కాని అమ్ముచోట తరచుగా సి ఒక్కటే చేసియిత్తురు. పిల్లలు తమ పనినంతయు డెస్కుటాపుమీద పరచుకొందురు. డెస్కుటాపు కంటికెదురుగా నుండుటచేత అది వేరొక చోటని భ్రమ కలుగును. అది మామూలుగా సి లోపలిదే. సిస్టము చెడి, మరమ్మతు చేయువాడు సి ని తుడిచివేసిన దినమున డెస్కుటాపుమీది సంవత్సరపు శ్రమ యావత్తు దానితో కూడ పోవును. తిండిగింజలలో విత్తనము కలిపిన రైతు గతి ఇదే.

అయితే ఒక హెచ్చరిక. అరలు వేరుచేయుట వేరు, రెండవ ప్రతి యుంచుట వేరు. గుమ్మిలో అరలెన్ని యున్నను ఇల్లు కాలినపుడు అన్నియు కాలును. డిస్కే చచ్చినపుడు సి, డి రెండును చచ్చును. కావున ముఖ్యమైన వ్రాతలకు యంత్రమునకు వెలుపల వేరొక ప్రతి ఉండితీరవలెను.

ఇక అప్‌డేటుల మాట. ఆపరేటింగు సిస్టమనునది మనుష్యులు వ్రాసిన గ్రంథము. లినక్సు కేంద్రభాగము ఒక్కటియే మూడు కోట్ల పంక్తులకు మించినది. ఇంత వ్రాతలో తప్పులుండక మానవు. కొన్ని తప్పులు చిన్నవి. కొన్ని మాత్రము గోడకు పడిన కన్నముల వంటివి. దొంగ వానిగుండ ప్రవేశించును. కన్నము కనబడినపుడెల్ల దానిని పూడ్చుటకు తయారైన అతుకును పంపుదురు. దానికే అప్‌డేటని పేరు. మైక్రోసాఫ్టు వారు 2003 అక్టోబరు మొదలుకొని నెలలో రెండవ మంగళవారమునాడు ఈ అతుకులను విడుదల చేయు నియమము పెట్టుకొనిరి. మన దేశమున అప్పటికి రాత్రియగును. హైదరాబాదులో 1998 నుండి ఆ సంస్థ వారి అభివృద్ధి కేంద్రము కలదు. హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల 2014లో ఆ సంస్థకు ముఖ్య కార్యనిర్వహణాధికారి యైరి. కావున ఈ విద్య దూరదేశపు విద్య యని మన పిల్లలు వెనుకంజ వేయనక్కరలేదు.

లినక్సు కుటుంబమువారి పద్ధతి వేరు. 1993లో ప్రారంభమైన డెబియన్‌ను ఉదాహరణముగా తీసికొందము. వారికొక పెద్ద భాండారము కలదు. సిస్టమును, దానిమీద నడుచు వేలకొలది సాధనములును మూటలుగా అందులో నుండును. మన యంత్రము ఆ భాండారపు జాబితాను తెప్పించి, తనలోనున్న దానితో సరిపోల్చి, మారిన మూటలనే తెచ్చుకొనును. జాబితామీద భాండారమువారి ముద్ర యుండును. జాబితాలో ప్రతి మూటకును ఒక గుర్తు వ్రాసియుండును. ముద్ర సరిపడక, లేదా మూట గుర్తుతో కలియకపోయినచో యంత్రము దానిని నిరాకరించును. ఇది అంకెల గణితముతో చేసిన ముద్ర. లక్కముద్రవలె కరగించి మార్చుటకు వీలుకాదు. క్రొత్త మూటలును ఒక్కసారిగా అందరికిని పంపరు. మిరపనారును నారుమడిలో పెంచి, నిలదొక్కుకొనిన పిదపనే చేనిలో నాటునట్లు, మొదట అస్థిరమను మడిలోను, తరువాత పరీక్షయను మడిలోను ఉంచి, కడపట స్థిరమను చేనికి చేర్చుదురు. కన్నములు పూడ్చు అతుకులు మాత్రము ఆలస్యము లేకుండ స్థిరమునకు వేరుగా పంపబడును.

అతుకు వేయక ఊరకున్న ఏమగునో 2017 తెలిపినది. ఆ యేడు మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్టు వారు విండోసులోని ఒక పెద్ద కన్నమునకు అతుకు విడుదల చేసిరి. సరిగా 59 దినముల పిదప, మే 12వ తేదీన, వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము అదే కన్నముగుండ లోకమునంతటిని చుట్టుముట్టినది. అది ఫైలులను గుప్తలిపిలోనికి మార్చి, విడిపింపవలెనన్న సొమ్ము చెల్లింపుమని తెరమీద బెదిరింపు వ్రాసెడిది. నూటయేబదికి పైగా దేశములలో రెండు లక్షలకు మించిన యంత్రములు దాని వాతబడినవి. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసివచ్చినది. ఆంధ్రప్రదేశమున చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు కార్యాలయములలోని కంప్యూటరులు కొన్ని దానికి లోబడినట్లు ఆనాటి పత్రికలు ప్రకటించినవి. దొంగలను పట్టువారి ఇంటికే కన్నము పడినది. అతుకు దొరకక కాదు, వేసికొనక.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. అప్‌డేటే అపకారము చేసిన సందర్భములున్నవి కదా యని కొందరందురు. నిజమే. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ తన రక్షణ ప్రోగ్రామునకు పంపిన ఒక తప్పు ఫైలు మూలమున సుమారు 85 లక్షల విండోసు యంత్రములు నీలితెరతో నిలిచిపోయినవి. విమానాశ్రయములలో పనులు స్తంభించినవి. హైదరాబాదు నుండి కలకత్తాకు పోవు ఒక ప్రయాణికునకు చేతితో వ్రాసియిచ్చిన బోర్డింగు పాసు చిత్రము దేశమంతటను ప్రచారమైనది. చెడిన యంత్రములను చాలచోట్ల ఒక్కొక్కదాని యొద్దకు మనిషి పోయి, ఆ ఫైలును తొలగించి లేపవలసివచ్చినది.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మొదటిది అప్‌డేటు వలదన్నవారి కథ. రెండవది ఏ పరీక్షయు లేక అందరికిని ఒక్కసారిగా పంపినవారి కథ. మొదటిదానికి జడిసి గుడ్డిగా పోరాదు, రెండవదానికి జడిసి మానరాదు. ముందొక యంత్రమునకు వేసి, కొలది దినములు చూచి, పిదప తక్కినవానికి వేయుటయే నడిమిబాట. ఒక్క మడిలో ఎరువు వేసి చూచి గాని చేనంతటికిని చల్లని రైతు మార్గమిది.

అరలును అప్‌డేటులును ఒక్క సంగతియే యని మొదట అంటిని. దానికి నిదర్శనము పెక్కు తలిదండ్రుల చేతనున్న ఫోనులోనే యున్నది. 2016లో వచ్చిన ఆండ్రాయిడు ఏడవ రూపమునుండి ఒక క్రొత్త ఏర్పాటునకు వీలు కలిగినది. ఆ ఏర్పాటుగల ఫోనులలో సిస్టమునకు ఒకటి కాదు, రెండు అరలుండును. మనము మొదటి అరనుండి ఫోను వాడుకొనుచుండగనే, అప్‌డేటు రెండవ అరలో వ్రాయబడును. ఫోను ఆపి మరల వెలిగించినపుడు రెండవ అరనుండి లేచును. క్రొత్తది లేవలేకపోయినచో తిరిగి పాత అరకే పోవును. మన ఫొటోలు, పాటలు ఉండు అర వేరుగా నుండుటచేత ఈ మార్పులో దానికి ఏ బాధయు లేదు. క్రోమ్ ఓ.ఎస్. లోను ఇదే పద్ధతి. ఆపిల్ వారు 2019 నుండి తమ మాక్ కంప్యూటరులలో సిస్టమును చదువుటకు మాత్రమే వీలైన వేరు అరలో నుంచుచున్నారు. లోకములోని నేర్పరులందరును ఒక్క నిర్ణయమునకే వచ్చుచున్నారు: యంత్రపు సొత్తు వేరు, మనిషి సొత్తు వేరు.

ఇప్పుడీ మాట ఎత్తుటకు ప్రత్యేక కారణమొకటి కలదు. 2015 జూలైలో విడుదలయైన విండోసు 10కి మైక్రోసాఫ్టు వారి సామాన్య మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. కాలపరిమితి గల పొడిగింపు ఏర్పాట్లు కొన్ని చేసిరి. విద్యాసంస్థలకు స్వల్ప రుసుముమీద మూడేండ్లవరకు అతుకులు కొనుక్కొను వీలు కల్పించిరి. అయినను అది గడువే గాని పరిష్కారము కాదు. విండోసు 11కి పోవలెనన్న టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనము, 4 గిగాబైట్ల రాము, 64 గిగాబైట్ల డిస్కు, వారి పట్టికలో చేరిన ప్రాసెసరు ఉండవలెను. పల్లె పాఠశాలలకు యంత్రములు తరచుగా విరాళముగానో, ఒకరు వాడి విడిచినవిగానో చేరును. వానిలో అనేకము ఈ పరీక్షలో నిలువవు. మీటలు పనిచేయుచున్నవి, తెర వెలుగుచున్నది, డిస్కు తిరుగుచున్నది. అయినను వానిని చెత్తకు వేయవలెనా? లేక అతుకులు రాని సిస్టముతోనే పిల్లలను కూర్చుండబెట్టవలెనా?

రెండును తప్పేయని నా మతము. అట్టి యంత్రములకు లినక్సు వేయవలెను. డెబియన్ ప్రతి స్థిరరూపమునకును మొత్తము సుమారు అయిదేండ్లు అతుకులు అందును. ఆపై తరువాతి రూపమునకు వెల లేకయే మారవచ్చును. ఇది పరాయి ప్రయోగమును కాదు. సీ-డాక్ సంస్థవారు బాస్ అను భారతీయ లినక్సును 2007లో విడుదల చేసిరి; అందు తెలుగునకును తావు కలదు. హైదరాబాదు కేంద్రముగా నడచు స్వేచ్ఛ సంస్థవారు తెలుగు మాటలతో గూడిన గ్నూ-లినక్సును తయారుచేసిరి. ఇంగ్లీషు ఇంకను తడబడుచు చదువు ఆరవ తరగతి పిల్లకు తెరమీద తెలుగు కనబడుటలోని మేలు నేను చెప్పనక్కరలేదు. కేరళ రాష్ట్రమున కైట్ అను ప్రభుత్వ సంస్థ, ఉబుంటు ఆధారముగా పాఠశాలలకొరకే ఒక లినక్సును సిద్ధపరచి, రాష్ట్రమంతట పాఠశాలలలో వాడించుచున్నది. పొరుగువారు చేయగలిగిన పని మనకు అసాధ్యము కాదు.

కావున నేను కోరు కట్టుబాటు ఇది. మొదటిది, ప్రతి యంత్రములోను సిస్టమునకొక అర, విద్యార్థుల వ్రాతలకొక అర ఉండవలెను. డెస్కుటాపుమీద ఏదియు నిలువ చేయరాదు. రెండవది, నెలలో రెండవ మంగళవారము తరువాత వచ్చు శనివారమును అప్‌డేటు దినముగా నిర్ణయించి, ఆనాడు ఒక్క యంత్రమునకు మాత్రము అతుకులు వేయవలెను. వారము గడిచి అది క్షేమముగా నున్నచో తరువాతి శనివారము తక్కినవానికి వేయవలెను. అత్యవసరమైన అతుకు వచ్చినపుడు మాత్రము ఈ గడువు తగ్గింపవలెను. మూడవది, అప్‌డేటు జరుగుచుండగా మీట కట్టరాదు; కరెంటు నిలకడగా నుండు వేళను, యు.పి.ఎస్. ఉన్నచోటను ఆ పని చేయవలెను. నాలుగవది, నెలకొకసారి విద్యార్థుల అరను వెలుపలి డిస్కులోనికి ఎక్కించి, ఆ డిస్కును యంత్రమునుండి విడదీసి బీరువాలో పెట్టవలెను. తగిలించియుంచిన డిస్కు వానాక్రై వంటివానికి యంత్రముతోపాటు చిక్కును, విడదీసినది చిక్కదు. అయిదవది, ఇదంతయు తేదీతో సహా ఒక రిజిస్టరులో వ్రాయవలెను. ఆ రిజిస్టరు తొమ్మిదవ తరగతి విద్యార్థుల చేతిలో నుండవలెను.

ఇంటర్నెట్టు ఖర్చును గురించి అడుగువారుందురు. అడవి అంచు గ్రామములలో సిగ్నలు మందగించుటయు, డేటా వెలయు మనకు తెలియనివి కావు. ఇరువది యంత్రములు ఇరువదిసార్లు ఒక్కదానినే తెచ్చుకొననక్కరలేదు. ఒకరు బావినుండి తెచ్చిన బిందెతో ఇంటివారందరును దాహము తీర్చుకొనునట్లు, లినక్సులో ఒక యంత్రమును నిలువ యంత్రముగా చేసిన, అది ఒకసారి తెచ్చిన మూటలను గదిలోని తక్కినవి దానినుండియే తీసికొనును. విండోసులోను, ఒక గదిలోని యంత్రములు అతుకుల భాగములను ఒకదానినుండి మరియొకటి పంచుకొను ఏర్పాటు కలదు. దానిని తెరచియుంచుటయే మన పని.

లోకమున కార్యాలయములన్నియు విండోసుతో నడచుచుండగా పిల్లలకు లినక్సు నేర్పి ఏమి ప్రయోజనమని మరికొందరు తలిదండ్రులడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుచేతనే క్రొత్త యంత్రములలో విండోసును, పాతవానిలో లినక్సును ఉంచి, రెంటిని నేర్పుమనుచున్నాను. ఇంటర్నెట్టులో మనము చూచు సమాచారమును అందించు యంత్రములలో అధికభాగము లినక్సువే. ఆండ్రాయిడు ఫోనుల అడుగుననున్నదియు లినక్సే. పైగా ఒక్క సిస్టములోని బొమ్మలను బట్టీపట్టిన పిల్లవాడు, ఆ బొమ్మలు చోటు మారిన దినమున చేతులు కట్టుకొని కూర్చుండును. అర ఏమిటో, లెక్క ఏమిటో, అతుకు ఎట్లు వచ్చునో తెలిసినవాడు ఏ యంత్రము ముందు కూర్చున్నను గంటలో దారి కనుగొనును. మొదటివానికి వచ్చినది అలవాటు. రెండవవానికి వచ్చినది విద్య.

ఉపాధ్యాయులకిదివరకే పనిభారము ఎక్కువ గదా, ఈ శనివారపు పని ఎవరు చేయుదురని ఉపాధ్యాయులే అడుగవచ్చును. మామూలు నెలలో రెండు గంటలకు మించని ఈ పనిని పిల్లలు చేయుదురు. ఉపాధ్యాయుడు చూచుచుండిన చాలును. పాఠశాల తోటకు నీరు పోయు వంతు, గంట కొట్టు వంతు పిల్లలకు ఇచ్చుచున్నాము. వారు ఎన్నడును ఆ బాధ్యతను బరువుగా తలంపలేదు, గౌరవముగా తలంచిరి. కంప్యూటరు గది వంతును అట్టిదే కాగలదు. ఆడపిల్లలకును మగపిల్లలకును సమముగా ఆ వంతు రావలెను.

విద్యార్థులారా, యంత్రమును చూచి భయపడవలదు. దానిని చూచి గర్వపడను వలదు. అది మీ వ్రాతలను దాచు గుమ్మి. ఏ గింజ ఏ అరలో నున్నదో మీకు తెలిసియుండవలెను. ఎలుక కన్నము కనబడిన దినముననే పూడ్చవలెను. విత్తనమును వేరుగా, పదిలముగా దాచవలెను. తలిదండ్రులారా, ఈ పండుగ సెలవులలో మీ ఇంటి ఫోనుకు వచ్చిన అప్‌డేటును రేపు చూతమని త్రోసిపుచ్చకుడు. పిల్లల ఫొటోలకు ముందొక ప్రతి తీసియుంచి, పిదప దానిని అంగీకరింపుడు. ఆ పనిని మీ పిల్లలచేతనే చేయింపుడు. బడిలో నేర్చినది ఇంటిలో చేసి చూపిననాడు గదా చదువు చదువనిపించుకొనును.